డిజోన్‌కు నీళ్ళు తెచ్చిన ఇంజనీరు



పటాన్‌చెరు, సంగారెడ్డి విచారణల కుటుంబాలకు నక్కవాగు సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. 1970ల తర్వాత వచ్చిన ఫ్యాక్టరీల మురుగు ఆ వాగులో కలిసి మంజీర దాకా పారింది. ఒడ్డునున్న ఊళ్ళ బావులు పాడయ్యాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకు చేరింది. వాగులో పారేది కంటికి కనిపిస్తుంది. నేలలోకి ఇంకినది ఏ బావి వైపు, ఎంత వేగంగా పోతుందో ఎలా తెలుస్తుంది? ఆ లెక్కకు దారి చూపిన మనిషిని ఈ వారం మీకు పరిచయం చేస్తాను.

ఆయన హెన్రీ డార్సీ. ఫ్రాన్సు దేశంలో డిజోన్ పట్టణంలో 1803 జూన్ 10న పుట్టారు. మన పునీత బెర్నార్డు గారి జన్మస్థలం కూడా ఆ పట్టణం పక్కనే. పద్నాలుగో ఏట తండ్రి పోతే, తల్లి పట్టుదలతో చదివించింది. పారిస్‌లో చదువు ముగించి ప్రభుత్వ ఇంజనీరై సొంత ఊరికే వచ్చారు.

అప్పట్లో డిజోన్‌లో తాగేది మురికి బావుల నీళ్ళే. డార్సీ పన్నెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊట నుంచి నేల కింద కాలువ కట్టించి, 1840లో ఊరికి నీరు తెచ్చారు. పంపులు లేవు. మెరక నుంచి పల్లానికి నీరు తనంతట తానే వచ్చింది. వీధి కొళాయిల దగ్గర బీదలు పైసా ఇవ్వకుండా పట్టుకునేవారు. ఇంత పనికి తనకు రావలసిన ప్రతిఫలం ఆయన తీసుకోలేదు. ఒక బంగారు పతకం, ఇంటికి జీవితాంతం ఉచితంగా నీరు, అంతే. మన కాంట్రాక్టుల కాలంలో ఇది నమ్మడం కష్టమే!

1848 విప్లవం తర్వాత రాజకీయ కారణాలతో ఆయనను డిజోన్ నుంచి పంపేశారు. ఆరోగ్యం చెడింది. అయినా 1855, 56లలో అక్కడి ఆసుపత్రిలో నిలువెత్తు ఇనుప గొట్టాన్ని ఇసుకతో నింపి, నీళ్ళు వదిలి కొలిచారు. ఇసుక, బొగ్గు వేసి కుండలో నీళ్ళు వడకట్టడం మీరు చూసే ఉంటారు. దాదాపు అలాంటిదే. ఒకసారి కొలిచి ఊరుకోలేదు. ఒత్తిడి మార్చి, ఇసుక మందం మార్చి, మళ్ళీ మళ్ళీ కొలిచి అంకెలన్నీ పోల్చి చూశారు. నీటిమట్టాల తేడా రెట్టింపైతే ప్రవాహమూ రెట్టింపైంది. ఇసుక పొర మందం రెట్టింపైతే ప్రవాహం సగమైంది. ఇసుక రకాన్ని బట్టి ఒక అంకె మారుతుంది. 1856లో అచ్చయిన డిజోన్ నీటి సరఫరా గ్రంథం చివర, అనుబంధంగా ఇది చేరింది. 1858 జనవరి 3న ఆయన మరణించారు. వయసు 54.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ప్రాంతపు పటాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించారు. బావుల నీటిమట్టాలు, నీటి పరీక్షల ఫలితాలు అందులో చేర్చి, ఒక గడి నుంచి పక్క గడికి ఎంత నీరు పోతుందో, దానితో ఎంత మురుగు పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. గడి గడికీ వాడింది డార్సీ సూత్రమే. 2001లో ఆ ఫలితాలు ప్రచురించారు. చుట్టూ ఉన్న గ్రానైటు నేల కన్నా, నక్కవాగు వెంట మేటవేసిన ఒండ్రు మట్టిలో నీరు సులువుగా సాగుతుంది. మురుగు కూడా ఆ దారినే బావుల వైపు నడిచింది.