నిజాంసాగర్ కట్టించిన ఇంజినీరు, మా వాకిలి గచ్చు

సెప్టెంబర్ 15 వస్తే మన కాలేజీలో హడావుడి మామూలుగా ఉండదు. విశ్వేశ్వరయ్య గారి ఫోటోకి దండ, ఒక క్విజ్, ఒక గెస్ట్ లెక్చర్, చివర్లో సమోసా. జూలై 11 మాత్రం చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. మన రాష్ట్రం తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవం చేసుకునేది ఆ రోజే. ఆ తేదీన 1877లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన పేరు మీర్ అహ్మద్ అలీ. లోకానికి తెలిసిన పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. మాది బాన్సువాడ. ఆయన కట్టించిన డ్యామ్ నీళ్ళతో పండిన బియ్యం తిని పెరిగినోణ్ని కాబట్టి ఆయన గురించి రాసే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటున్నా. కోడ్ రాసే చేత్తో తెలుగు రాస్తున్నా, జర ఓపికగా చదవండి.

నవాబ్ అనే మాట వింటే పుట్టుకతోనే కోట, ఏనుగులు ఉన్నాయేమో అనిపిస్తది. కాదు. అది నిజాం ఇచ్చిన బిరుదు. ఆయన తండ్రి నిజాం సర్కారులో ఉద్యోగి. కొడుకు హైదరాబాద్‌లో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లో, తర్వాత మదర్సా-ఎ-ఆలియాలో చదివాడు. 1896లో సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీకి వెళ్ళాడు. ఇండియాలో పని చేసే ఇంజినీర్లను తయారు చెయ్యడానికే పెట్టిన కాలేజీ అది. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిది. అంటే ఇప్పుడు నా వయసు. నేను హాస్టల్ మారితేనే మా అమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఆయన ఓడ ఎక్కాడు.

1899లో తిరిగొచ్చి నిజాం రాజ్యం పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాడు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి 1918లో చీఫ్ ఇంజినీరయ్యాడు. మధ్యలో 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. వేల మంది చనిపోయారు. మళ్ళీ అట్లా జరగకుండా ఏం చెయ్యాలో చెప్పడానికి విశ్వేశ్వరయ్య గారు వచ్చి, నగరానికి పైన జలాశయాలు కట్టమన్నారు. అట్లా వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యేటప్పటికి చీఫ్ ఇంజినీరు మన అలీ నవాజ్ జంగే. మా వైపు పోచారం, ఖమ్మం వైపు పాలేరు, వైరా కూడా ఆయన కాలంలోవే. వీటన్నిటికంటే పెద్దది నిజాంసాగర్.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను ఈయన దాకా వచ్చింది ఆ దారిలోనే. ఈ ఎండాకాలం మా డాడీ వాకిట్లో బండి పెట్టుకునేంత గచ్చు, వెనక వైపు ప్రహరీ గోడ కట్టించాలని మొదలుపెట్టాడు. చిట్టీ ఎత్తిన డబ్బులు, రెండోసారి దొరికేవి కావు. ముగ్గురు వచ్చి చూశారు. ఒకాయన మొత్తం గుత్తకు ఇమ్మన్నాడు. ఇంకొకాయన సామాను మనది, కూలి తనది, అడుగుల లెక్కన తీసుకుంటానన్నాడు. మూడో ఆయన అందరికన్నా తక్కువ చెప్పాడు కానీ సగం బయానా ముందే కావాలన్నాడు. మా డాడీ మూడో ఆయన వైపే మొగ్గాడు. మా వీధిలోనే ఒకరు అట్లాగే మే నెల ఎండలో గచ్చు పోయించుకుంటే, మొదటి వానకాలానికే అది పాపడంలా పగిలింది. నాలుగు రోజులైనా నీళ్ళు కొట్టలేదు, మధ్యలో జాయింట్లు ఇవ్వలేదు, కలిపేటప్పుడు తేలిగ్గా జారాలని నీళ్ళు ఎక్కువ పోశారు. పేరు చెప్పను, ఊరు చిన్నది.

వెనక గోడ ఇంకా పెద్ద తలనొప్పి. మా స్థలం పక్కవాళ్ళ పొలం కన్నా ఎత్తు, కాబట్టి ఆ గోడ మట్టిని ఆపాలి. వాన పడితే మట్టిలో నీళ్ళు నిండి గోడను తోస్తాయి. అందుకే అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు వదలాలి. ఈ తోపు ఎంత ఉంటుందో వెతుకుతూ పోతే గ్రావిటీ డ్యామ్ లెక్క దొరికింది. నీళ్ళు పది మీటర్ల లోతున చదరపు మీటరు మీద సుమారు పది టన్నుల బరువుతో నొక్కుతాయి. లోతు రెట్టింపైతే గోడ మీద మొత్తం తోపు నాలుగింతలు, గోడను బోర్లా పడేసే బలం ఎనిమిదింతలు. మన భాషలో చెప్పాలంటే ఓ ఆఫ్ ఎన్ క్యూబ్. దాన్ని ఆపేది గోడ సొంత బరువే, అందుకే డ్యామ్ అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి పిక్నిక్‌కి పోయి ఫోటోలు దిగిన నిజాంసాగర్ కట్ట నాకు అప్పుడు మొదటిసారి లెక్కలాగా కనిపించింది.

మంజీర మీద అచ్చంపేట దగ్గర ఆ కట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. పొడవు సుమారు మూడు కిలోమీటర్లు, పైన బండ్లు పోయేంత రోడ్డు. కట్టింది రాతితో. ఇప్పుడు మనకు కాంక్రీటంటే బస్తా విప్పి మిక్సర్లో పోసుడే. ఆ రోజుల్లో మన దేశంలో సిమెంటు ఇంకా కొత్త సరుకు. పెద్ద కట్టడాలకు ఎక్కువగా సున్నమే నమ్మకం. సున్నాన్ని ఇసుకతోనో, కాల్చిన ఇటుకల పొడితోనో కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో మెత్తగా నూరి వాడేవాళ్ళు. ఆ పొడినే సుర్కీ అంటారు. గానుగ సున్నం మెల్లగా గట్టిపడుతుంది. తొందర పెడితే మాట వినదు.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యమనిపించింది ఆయన పని మొత్తం కాగితం మీద నడిచిన తీరు. ముందు సర్వే, నదిలో ఏటా ఎన్ని నీళ్ళు వస్తాయో లెక్క, తర్వాత ఎస్టిమేటు, ఆ తర్వాతే తట్ట ఎత్తడం. పబ్లిక్ వర్క్స్ పద్ధతిలో మెజర్‌మెంట్ బుక్ అని ఒకటి ఉంటుంది. ఈ రోజుకీ ఉంది. అయిన పనిని టేపుతో కొలిచి, పొడవు, వెడల్పు, మందం అందులో రాస్తేనే బిల్లు. పని కాకుండా డబ్బు కదలదు. ఇది చదివాక నేను డాడీకి ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిచ్చాను. గచ్చు మందం నాలుగంగుళాలు, రోడ్డు వైపు వాలు యాభై అడుగులకు ఒక అడుగు, ఎనిమిది పది అడుగులకో జాయింటు, కనీసం వారం రోజులు తడి, అయిన పనికే డబ్బు, అని మొదటి పేజీలో రాశాం. బయానా సగం అడిగినాయన ఆ పేజీ చూసి మళ్ళీ రాలేదు. రెండో ఆయన, డాడీ కాకా అని పిలిచే మేస్త్రీ, చదివించుకుని తల ఊపాడు. పదేళ్ళ కింద తాను పోసిన ఒక గచ్చు దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళి చూపించాడు కూడా. పని ఆయనకే ఇచ్చాం.

నిజాంసాగర్ నీళ్ళు వచ్చాక మా ప్రాంతం మనుషులే మారిపోయారు. 150 కిలోమీటర్లకు పైగా ఉన్న కాలువ బాన్సువాడ, బోధన్ మీదుగా పోతుంది. మొదట అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. వరి, చెరుకు వచ్చాయి. చెరుకు ఉంది కాబట్టి బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కుని కాలువ వెంట క్యాంపులు వేసుకున్నారు. ఆ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటాం. నా స్కూల్ ఫ్రెండ్స్‌లో సగం మంది తాతలు అట్లా వచ్చినవాళ్ళే. ఇంకోవైపు, జలాశయం కింద ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళ వాళ్ళ జీవిత చరిత్రలు ఎవరూ రాయలేదు, రాళ్ళు మోసినవాళ్ళవి అసలే లేవు. అలీ నవాజ్ జంగ్ గొప్పవాడే, కానీ ఈ ముక్క వదిలేసి ఆయన్ని పొగడటం నాకు సరిగా అనిపించదు.

ఆయన పేరు హైదరాబాద్ దాటి కూడా పోయింది. 1929లో సింధ్‌లో సుక్కూర్ బ్యారేజీ పనిని పరిశీలించి చెప్పమని బొంబాయి ప్రభుత్వం ఇద్దరిని పిలిచింది. ఒకరు విశ్వేశ్వరయ్య, ఇంకొకరు ఈయన. అంటే మనం దండ వేసే ఫోటో పక్కన ఈయన ఫోటో కూడా పెట్టడానికి ఇదొక్కటి చాలు. తుంగభద్ర నీళ్ళ పంపకంలో మద్రాసుతో మాట్లాడేటప్పుడు హైదరాబాద్ తరఫున గట్టిగా నిలబడ్డవాళ్ళలో ఈయన ఒకరు. 1938లో కాంగ్రెస్ వేసిన నేషనల్ ప్లానింగ్ కమిటీకి నెహ్రూ అధ్యక్షుడైతే, అందులో నదులు, సాగునీటి ఉపసంఘానికి అధ్యక్షుడు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నిజాం కొలువులో పెద్ద పదవి చేసిన మనిషిని కాంగ్రెస్ వాళ్ళు పిలిచి కుర్చీ ఇచ్చారంటే, నీళ్ళ విషయంలో ఆయన మాటకు ఎంత విలువుండేదో అర్థమవుతుంది.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. తర్వాత ఏడాదికి, 1949 డిసెంబర్ 6న ఆయన చనిపోయాడు. డెబ్బై రెండేళ్ళు.

మా మేస్త్రీ కాకా ఇసుకను నమ్మడు, పరీక్ష చేస్తాడు. గాజు గ్లాసులో సగం మంజీర ఇసుక, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి ఊపి పక్కన పెడతాడు. కొన్ని గంటల తర్వాత ఇసుక పైన సన్నటి ఒండ్రు పొర పేరుకుంటుంది. అది ఇసుకలో ఎనిమిది శాతం దాటితే లోడు వాపసు. ఆ గ్లాసును చూస్తే నాకు నిజాంసాగర్ గుర్తొచ్చింది. కట్టినప్పుడు దాంట్లో 29.7 టీఎంసీల నీళ్ళు పట్టేవి. ఇదే మంజీర మోసుకొచ్చిన ఒండ్రు అడుగున పేరుకుని, 1970ల నాటికి 12 టీఎంసీలు కూడా పట్టని స్థితి వచ్చింది. నీటిమట్టం ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. పైన సింగూరు కట్టాక మంజీర నీళ్ళలో కొంత భాగం హైదరాబాద్ తాగడానికి పోతోంది. 1931లో వేసిన రాతి కట్ట మాత్రం తొంభై ఏళ్ళు దాటినా అక్కడే ఉంది, ఒక పక్క నీళ్ళను, ఇంకో పక్క ఆదివారం వచ్చే మా ఊరి బండ్లను మోస్తూ.