ఆచార్య యాన్ ఓర్ట్

రెండు నక్షత్రముల నడుమ మన కన్నులకు చీకటియే కాని వేఱొక్కటి కానరాదు. ఆ చీకటి శూన్యము కాదు. అందు మిక్కిలి పలుచనైన ఉదజని వాయువు వ్యాపించియున్నది. ఆ వాయువు జాడ పట్టి పాలపుంత రూపమును చిత్రించిన వారిలో హాలండు దేశీయుడైన ఆచార్య యాన్ ఓర్ట్ అగ్రగణ్యుడు. ఆయన పాండిత్యము లోకవిదితమే. పరుల యేలుబడిలో ఆయన అధ్యాపకుడుగా నడచుకొనిన తీరు అంతకంటె తక్కువ స్మరణీయము కాదు.

1900 ఏప్రిలు 28వ తేదీన ఫ్రానెకర్ పట్టణమున ఒక వైద్యుని యింట ఆయన జన్మించెను. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమున కాప్టెయిన్ పండితునికి శిష్యుడై, పిదప అమెరికాలోని యేల్ వేధశాలలో కొంతకాలము పనిచేసి, 1924లో లైడెన్ చేరెను. సూర్యుడు పాలపుంత నడిమికి చేరువలో నున్నాడని గురువు గణించియుండెను. శిష్యుడు నక్షత్రముల గమనములను పరిశీలించి, పాలపుంత యంతయు సుదూరమందలి యొక కేంద్రము చుట్టు తిరుగుచున్నదని 1927లో నిరూపించెను. స్వీడను దేశపు లిండ్‌బ్లాడ్ సిద్ధాంతమునకు దీనితో బలము చేకూరెను. గురుభక్తి సత్యమునకు అడ్డు రాలేదు. అమెరికా విశ్వవిద్యాలయములు పెద్ద పదవులతో పిలిచినను ఆయన స్వదేశమును వీడక, 1935లో లైడెన్‌లోనే ఆచార్యుడయ్యెను.

1940 మే నెలలో జర్మను సేనలు హాలండును ఆక్రమించినవి. యూదులైన ఆచార్యులను కొలువులనుండి తొలగించిరి. నవంబరు 26వ తేదీన ధర్మశాస్త్రాచార్యుడు క్లెవెరింగా నిండుసభలో ఆ యన్యాయమును నిరసించెను. ఆ సభలో ఓర్ట్ కూడ నుండెను. మఱునాడే క్లెవెరింగా చెఱసాల పాలయ్యెను. విద్యార్థులు తరగతులు మానిరి. ప్రభువులు విశ్వవిద్యాలయమును మూసిరి. 1942లో ఓర్ట్ సహాచార్యులు పెక్కురతో పాటు రాజీనామా నిచ్చి, హుల్స్‌హోర్స్ట్ అను పల్లెకు కుటుంబముతో తరలిపోయెను. జీతము పోయినది, వేధశాల పోయినది. గురుత్వము మాత్రము పోలేదు.

రీబర్ అను అమెరికా యింజనీరు తన యింటి పెరటిలో నిర్మించిన యంత్రముతో పాలపుంతనుండి రేడియో తరంగములను పట్టి, 1940లో ప్రకటించిన వ్యాసమొకటి లైడెన్ చేరెను. నక్షత్రకాంతిని ధూళి మఱుగుపఱచును. రేడియో తరంగములను మఱుగుపఱచజాలదు. ఆ తరంగములలో ఒక నిర్ణీత ప్రమాణముగల రేఖ యున్నచో, దాని స్థానచలనమువలన వాయువు వేగమును, పరిభ్రమణ గణితమువలన దాని దూరమును తెలియవచ్చునని ఓర్ట్ తలపోసి, ఆ ప్రశ్నను వాన్ డ హుల్స్ట్ అను యువకున కప్పగించెను. తానే సాధించి కీర్తి గొనవలెనని యెంచలేదు. ఇట్టి యౌదార్యము పండితులలో తఱచుగా కానరాదు. ఆ యువకుడు 1944 ఏప్రిలులో, దేశమింకను శత్రువుల వశమందుండగనే, లైడెన్ వేధశాలలో జరిగిన గోష్ఠిలో సమాధానము చదివెను: ఉదజని పరమాణువు 21 సెంటీమీటర్ల తరంగమును వెలువరింపగలదు. ఒక్కొక్క పరమాణువు కోటి సంవత్సరముల కొక్క పర్యాయమే యట్లు చేయునట! అయినను వాయురాశి అపారమగుటచే ఆ ధ్వని మనకు వినబడును.

యుద్ధానంతరము ఓర్ట్ లైడెన్ వేధశాలాధ్యక్షుడయ్యెను. విమానములను పసికట్టుటకు జర్మనులు వాడి విడిచిపోయిన 7.5 మీటర్ల రేడియో దర్పణమును కోట్‌వైక్‌లో నాకాశమువైపు త్రిప్పిరి. 1950లో అగ్నిప్రమాదమున గ్రాహకయంత్రము భస్మమయ్యెను. ఆ జాప్యమున 1951 మార్చిలో హార్వర్డువారు ముందుగా రేఖను కనుగొనిరి. మే నెలలో ముల్లర్, ఓర్ట్ దానిని రూఢి పఱచిరి. ఉభయుల వ్యాసములును ఒకే పత్రిక యొకే సంచికలో వెలువడుట ఇరువురకును శోభ గూర్చినది. సిడ్నీ పండితులతో గూడి 1958లో ఓర్ట్ ప్రకటించిన పటమున పాలపుంత బాహువులు వాయురేఖలుగా తోచినవి.

1956లో ద్వింగెలోయందు 25 మీటర్ల దూరదర్శిని, 1970లో వెస్టర్‌బోర్క్ దర్పణపంక్తి ఆయన పట్టుదలవలననే వెలసినవి. రెండవదానితో ఇతర పాలపుంతలలోని వాయువును సైతము కొలిచిరి. క్వేసరుల దూరమును 1963లో తెలిసికొనిన మార్టెన్ ష్మిట్ ఆయన శిష్యుడే. ఐరోపా దక్షిణ వేధశాలకు అధిపతియైన వోల్ట్‌యెర్ కూడ ఆయనయొద్దనే చదివెను. 1970లో పదవి విరమించినను ఓర్ట్ పరిశోధన మానలేదు. 1992 నవంబరు 5వ తేదీన లైడెన్‌లోనే దివంగతుడయ్యెను.