లూథరు గారి ఇంటిలో క్రిస్మస్

ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 12:26-27, ద్వితీయోపదేశకాండము 6:6-7, లూకా 2:1-20

ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడుచుటకు ముందు దేవుడు మోషే ద్వారా పస్కా ఆచారమును నియమించెను. ఆ సందర్భమున ఒక సంగతిని ముందుగానే తెలియజేసెను. ఈ ఆచారమేమిటని మీ పిల్లలు మిమ్మును అడుగుదురు, అప్పుడు మీరే వారికి దాని అర్థము చెప్పవలెను అని దాని భావము. పిల్లవానిని యాజకుని యొద్దకు పంపుమని అక్కడ వ్రాయబడలేదు. ప్రశ్న ఇంటిలో పుట్టును, జవాబు కూడ ఇంటిలోనే దొరకవలెను.

డిసెంబరు నెల వచ్చినది. మన పల్లెలలో గోడలకు సున్నము వేయుచున్నారు. వెదురు బద్దలతో, రంగు కాగితములతో నక్షత్రములు కట్టుచున్నారు. అరిసెలకు పిండి దంచు సమయము వచ్చినది. ఇవన్నియు చూచు పిల్లవాడు, ఈ నక్షత్రమెందుకు నాన్నా అని అడిగిన యెడల మనము ఏమి చెప్పుచున్నాము? సండే స్కూలు టీచరమ్మను అడుగుమని చెప్పి పంపివేయుచున్నామా? ఈ నెల మనము ఒక తండ్రి జీవితమును ధ్యానింతము. లోకము ఆయనను సంఘ సంస్కర్తగా ఎరుగును. ఆయన తన బిడ్డల మధ్య క్రిస్మస్‌ను ఎట్లు ఆచరించెనో తెలిసినవారు కొందరే. ఆయనే మార్టిన్ లూథరు గారు.

భయములో పెరిగిన బాలుడు

లూథరు గారు 1483వ సంవత్సరము నవంబరు 10వ తేదీన జర్మనీ దేశములోని ఐస్లెబెన్ అను పట్టణములో పుట్టెను. తండ్రి హాన్స్ రాగి గనుల పనిచేసి కుటుంబమును పోషించెను. తల్లి మార్గరెట్టమ్మ. వారు భక్తిగలవారే, బిడ్డ బాగుపడవలెనని కోరినవారే. అయినను ఆ కాలపు పెంపకము మిక్కిలి కఠినమైనది. ఇంటిలో దెబ్బలు, బడిలో దెబ్బలు. గుడిలో చూచిన క్రీస్తు సహితము ఆ పిల్లవానికి తీర్పు తీర్చుటకు వచ్చు న్యాయాధిపతిగానే కనబడెను.

ఆ దినములలో బీద విద్యార్థులు ఇంటింట పాటలు పాడి రొట్టె సంపాదించుకొనుట వాడుక. లూథరు గారు కూడ అట్లు పాడినవాడే. ఒక క్రిస్మస్ కాలమున ఆయన, తోటి పిల్లలు కలిసి పల్లెలలో తిరుగుచు బేత్లెహేములో పుట్టిన శిశువును గూర్చి పాడుచుండిరి. ఊరి చివర నున్న ఒక రైతు ఇంటి ముందు పాడగా, ఆ రైతు బయటికి వచ్చి మొరటు గొంతుతో పిల్లలు ఎక్కడున్నారని కేక వేసెను. పిల్లలు హడలిపోయి తలొక దిక్కుకు పరుగెత్తిరి. నిజమునకు ఆయన చేతిలో నున్నది కర్ర కాదు, పిల్లలకు ఇచ్చుటకు తెచ్చిన మాంసపు వంటకము. మరల మరల పిలిచిన తరువాత గాని వారు దగ్గరకు రాలేదు.

పెద్దవాడై ఆదికాండమును విద్యార్థులకు బోధించుచున్నప్పుడు లూథరు గారు ఈ సంగతిని జ్ఞాపకము చేసికొనెను. బడిలో ఉపాధ్యాయుల బెదిరింపులకు అలవాటుపడిన పిల్లలు మంచి మనసుతో వచ్చిన మనుష్యుని చూచి కూడ పారిపోయిరి. మనమును అట్లే, చేతినిండ ఈవులతో వచ్చు దేవుని చూచి శిక్షించుటకే వచ్చుచున్నాడని పారిపోవుచున్నామని ఆయన గ్రహించెను. ఈ మాటలో ఆయన జీవితమంతయు ఇమిడియున్నదని మేము తలంచుచున్నాము.

1505వ సంవత్సరములో ఆయన మఠములో చేరి సన్యాసియాయెను. ఉపవాసములు, జాగరణములు ఎన్ని చేసినను మనసునకు నెమ్మది కలుగలేదు. పరిశుద్ధ గ్రంథమును పఠించుచుండగా, దేవుడు పాపిని క్రియలను బట్టి కాక విశ్వాసము ద్వారా కృపచేత నీతిమంతునిగా ఎంచునని ఆయనకు బోధపడెను. 1517వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఆయన 95 అంశములను వెలువరించుట, 1521లో వర్మ్స్ సభ యెదుట ధైర్యముగా నిలుచుట, 1522లో క్రొత్త నిబంధనను జర్మను భాషలో అచ్చువేయించుట మనము వినియున్న సంగతులే. ఆ 1522లోనే క్రిస్మస్ కాలమునకు తగిన ప్రసంగముల పుస్తకమును కూడ ఆయన సిద్ధపరచెను. అందులో పశువుల తొట్టి యొద్దకు మనలను నడిపించి, ఈ శిశువునకు భయపడ నవసరము లేదని నేర్పించెను.

ఇల్లే మొదటి సంఘము

1525వ సంవత్సరము జూన్ 13వ తేదీన లూథరు గారు కాతరీన అను స్త్రీని వివాహమాడెను. ఆమె ఒకప్పుడు సన్యాసినుల మఠములో నున్నది. విట్టెన్‌బర్గు పట్టణములో ఆయన సన్యాసిగా బ్రతికిన మఠపు భవనమే వారికి కాపురపు ఇల్లాయెను. మౌనముగా నుండిన ఆ గదులు పిల్లల అల్లరితో నిండిపోయెను. హాన్స్, ఎలిజబెత్తు, మగ్దలేన, మార్టిన్, పౌలు, మార్గరెట్టు అను ఆరుగురు బిడ్డలను దేవుడు వారికిచ్చెను. వీరు గాక తల్లిదండ్రులు లేని బంధువుల పిల్లలును, చదువుకొను విద్యార్థులును ఆ ఇంట భోజనము చేసిరి. కాతరీనమ్మ తోట సాగుచేసి, పశువులను పెంచి, అందరికి వండి పెట్టెను.

1528లో లూథరు గారు సాక్సనీ దేశపు గ్రామ సంఘములను దర్శించి మిక్కిలి దుఃఖపడెను. ప్రజలకు పది ఆజ్ఞలు రావు, ప్రభువు ప్రార్థన రాదు. అందువలన 1529లో చిన్న ప్రశ్నోత్తరముల పుస్తకమును వ్రాసెను. ఇంటి యజమానుడు తన ఇంటివారికి దానిని నేర్పవలెనని ప్రతి భాగపు తలమీద వ్రాయించెను. పిల్లవాడు అర్థమడుగును, తండ్రి చెప్పును. నిర్గమకాండములో దేవుడు చూపించిన మార్గమే ఇది. ఉదయ, సాయంకాల ప్రార్థనలును, భోజన ప్రార్థనలును అందులో చేర్చెను. అనారోగ్యము వలన గుడికి వెళ్లలేని దినములలో ఆయన తన ఇంటిలోనే భార్యాబిడ్డలకును పనివారికిని వాక్యము బోధించెను. ఆ ప్రసంగములు తరువాత 1544లో పుస్తకముగా వెలువడెను.

పిల్లల కొరకు వ్రాసిన పాట

1534వ సంవత్సరపు క్రిస్మస్‌ను తలంచుకొందము. పెద్దవాడైన హాన్స్‌కు ఎనిమిదేండ్లు, మగ్దలేనకు అయిదేండ్లు, మార్టిన్‌కు మూడేండ్లు. పౌలునకు ఇంకను రెండేండ్లు నిండలేదు. చిన్నది మార్గరెట్టు డిసెంబరు 17వ తేదీన పుట్టినది, అనగా ఎనిమిది దినముల పసికందు. ఆ క్రిస్మస్‌కే లూథరు గారు తన పిల్లల నిమిత్తము ఒక పాట కూర్చెనని చెప్పుదురు. అది 1535లో అచ్చయినది. లూకా సువార్త రెండవ అధ్యాయమునుండి తీసిన పిల్లల పాట అని దానికి పేరు పెట్టబడెను.

ఆ పాట కొరకు ఆయన పండితుల బాణీని వెదకలేదు. యువకులు పొడుపు కథలు వేసి ఆడుకొను ఒక ఆటపాటను తీసికొని, దాని మొదటి మాటలను దూత నోటి మాటలుగా మార్చెను. పదునైదు చరణములలో మొదటివి గొల్లలకు దూత చెప్పిన శుభవార్త. తరువాతివి వినినవారు చెప్పు జవాబు. వారు గొల్లలతో కూడ వెళ్లి తొట్టిలోని శిశువును చూచి, ఆయన తమ హృదయములో పండుకొనవలెనని వేడుకొందురు. ఒకరు దూతగా పాడగా పిల్లలు జవాబు పాడుట తరువాతి కాలమున అనేక గృహములలో వాడుకయ్యెను. ఇప్పుడు పాడు రాగము 1539లో అచ్చయినది. అది లూథరు గారిదేయని తలంచుదురు. రెండు వందల సంవత్సరముల తరువాత 1734లో సంగీత విద్వాంసుడు బాఖ్ తన క్రిస్మస్ సంగీతములో ఆ రాగమును వాడుకొనెను.

ప్రియులారా, ఇక్కడ ఒకటి గమనించుడి. రైతు కేక విని పారిపోయిన బాలుడు తండ్రియై, తన బిడ్డలు పారిపోకుండ తొట్టి యొద్దకు చేరునట్లు పాట వ్రాసెను. తనకు సంక్రమించిన భయమును బిడ్డలకు సంక్రమింపజేయలేదు. తండ్రి తాను పొందినదంతయు బిడ్డకు అందింప నక్కరలేదు. కీడును తనతోనే నిలిపివేసి, మేలును ముందుకు పంపవచ్చును.

లూథరు గారే మొదట క్రిస్మస్ చెట్టునకు దీపములు వెలిగించెనని ఒక కథ వాడుకలో నున్నది. 19వ శతాబ్దములో గీసిన చిత్రముల వలన అది ఎంతయో వ్యాపించినది గాని, ఆయన వ్రాతలలో దానికి ఆధారము లేదు. ఆయన విడిచిన ఆస్తి చెట్టు కాదు. వాక్యమును, పాటయును, బిడ్డలతో గడిపిన సమయమును. చెట్టు కొనలేని ఇల్లు క్రిస్మస్ విషయములో బీద ఇల్లు కాదని దీనివలన మనము నేర్చుకొందుము.

దుఃఖము వచ్చిన ఇంటిలో

ఆ ఇల్లు దుఃఖము ఎరుగని ఇల్లు కాదు. చిన్న ఎలిజబెత్తు 1528లో ఏడాది నిండకముందే మరణించెను. తరువాత 1542లో పదమూడేండ్ల మగ్దలేనకు జబ్బు చేసెను. ఆమె అన్నను చూడగోరగా, టోర్గావు పట్టణములో చదువుకొనుచున్న హాన్స్‌ను తండ్రి పిలిపించెను. సెప్టెంబరు 20వ తేదీన ఆ బిడ్డ తండ్రి చేతులలోనే ప్రాణము విడిచెను. దేశములను కదిలించిన బోధకుడు బిడ్డ పడక ప్రక్కన మోకరించి ఏడ్చెను. పునరుత్థానమును నమ్మియు తామిద్దరము ఏడ్వకుండ ఉండలేకపోయితిమని స్నేహితునికి ఉత్తరము వ్రాసెను.

మగ్దలేన లేని క్రిస్మస్ ఆ ఇంటికి ఎట్లు వచ్చియుండునో బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులకు వేరుగ చెప్ప నక్కరలేదు. అయినను మరుసటి సంవత్సరము, అనగా 1543లో అచ్చయిన పాటల పుస్తకములో దూతల సమూహమును గూర్చి లూథరు గారు వ్రాసిన మరియొక క్రిస్మస్ పాట కనబడుచున్నది. క్రిస్మస్ సంతోషము ఇంటిలో ఎవరును తక్కువ కానప్పుడు మాత్రమే కలుగు సంతోషము కాదు. రక్షకుడు పుట్టెనను వార్త మరణము వచ్చిన ఇంటికే మరి ఎక్కువ అవసరము.

లూథరు గారు 1546వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, తాను పుట్టిన ఐస్లెబెన్‌లోనే ప్రభువునందు నిద్రించెను. కాతరీనమ్మ తెగులునకు వెరచి పిల్లలతో ప్రయాణమై పోవుచు బండి ప్రమాదములో గాయపడి, 1552 డిసెంబరు 20వ తేదీన, క్రిస్మస్‌కు అయిదు దినములు ముందు మరణించెను. కుమారుడు పౌలు వైద్యుడాయెను. పిల్లల పాట మాత్రము ఆ ఇంటిలో ఆగిపోలేదు, అనేక దేశముల భాషలలోనికి వెళ్లెను. ఆయన బోధ మన దేశమునకును వచ్చినది. 1842వ సంవత్సరము జూలై 31వ తేదీన ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరి లూథరన్ మిషను పని ప్రారంభించెను. ఒక తండ్రి తన ఇంటివారి కొరకు వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరములు మన తెలుగు పల్లెలలో పిల్లల నోటికి అట్లు వచ్చినవి.

మన ఇండ్లలో

ఈ క్రిస్మస్‌కు మనము చేయదగిన కొన్ని సంగతులు. మొదటిది, లూకా 2:1-20 వచనములను పండుగకు ముందు వారములో రాత్రికి కొన్ని చొప్పున ఇంటిలో చదువుదము. తండ్రికి చదువు రానియెడల బడికి వెళ్లు బిడ్డ చదువును, తండ్రి ప్రార్థించును. రెండవది, పిల్లలకు తెలిసిన ఒక క్రిస్మస్ పాటను వంతులవారీగా పాడుదము. పెద్దలు దూతలుగా, పిల్లలు గొల్లలుగా పాడవచ్చును. ప్రతి సంవత్సరము అదే పాటను పాడినచో అది వారి ఎముకలలో ఇంకిపోవును. మూడవది, అరిసెలు వండిన దినమున మొదటి పళ్లెమును మన ఇంటి పిల్లల చేతనే పొరుగున నున్న బీదవారికిని, ఆ సంవత్సరము దుఃఖము కలిగిన ఇంటికిని పంపుదము. నాలుగవది, అర్ధరాత్రి పాటలు పాడుచు వచ్చు పిల్లలను కసరక తలుపు తీయుదము. ఆ రైతువలె చేతిలో ఏదైనను పట్టుకొని, అతనికంటె మృదువైన గొంతుతో పిలుచుదము.

అయిదవది అన్నిటికంటె ముఖ్యమైనది. పండుగనాడు త్రాగివచ్చి ఇంటివారిని కొట్టు తండ్రి, నక్షత్రము ఎంత ఎత్తున కట్టినను, తన బిడ్డలకు భయమునే ఆస్తిగా ఇచ్చుచున్నాడు. మన బిడ్డలు మొదట ఎరుగు తండ్రి మనమే. మనలను చూచి పారిపోవు బిడ్డకు పరలోకపు తండ్రి యొద్దకు పరుగెత్తి వచ్చుట కష్టము.

ఆలోచించుడి: మన తల్లిదండ్రుల నుండి మనకు వచ్చిన ఏ క్రిస్మస్ అలవాటును మన పిల్లలకు ఇచ్చుచున్నాము? దాని అర్థమును వారికి చెప్పితిమా? వారికి అందింపక మనతోనే నిలిపివేయవలసినది ఏదైనను కలదా?

ప్రార్థన: తొట్టిలో పండుకొనిన ప్రభువా, మా ఇండ్లను నీకు నివాసముగా చేయుము. మా బిడ్డలు అడుగు ప్రశ్నలకు జవాబు చెప్పు నోటిని, వారిని దగ్గరకు తీయు మనసును మాకిమ్ము. ఖాళీయైన చోటును చూచి ఏడ్చు తల్లిదండ్రులను ఈ పండుగలో ఆదరించుము. ఆమేన్.