చెరిపినా చెరగని పేరు: ప్రొఫెసర్ ఎడ్మండ్ హుస్సెర్ల్



సాయంత్రం ఆరు దాటాక రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో ఒక పది నిమిషాలు నిలబడండి. నాగోలు వైపు రైలు కోసం వచ్చేవారిలో మన సంఘాల యువతీయువకులు చాలామంది కనబడతారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫోను. ఆఫీసులో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, ఏడాది చివర ఒక రేటింగ్. మనిషి అంటే అంకెలేనా అనే ప్రశ్న వాళ్లలో కొందరినైనా వేధిస్తూ ఉంటుంది. తొంభై ఏళ్ల క్రితమే ఆ ప్రశ్నను గట్టిగా అడిగిన ఒక ప్రొఫెసర్ ఉన్నారు. విశేషమేమిటంటే, ఆయన చదువు మొదలైంది అంకెలతోనే.

ఎడ్మండ్ హుస్సెర్ల్ 1859 ఏప్రిల్ 8న ఆస్ట్రియా సామ్రాజ్యంలోని మొరావియాలో, ప్రోస్నిట్జ్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి బట్టల వ్యాపారి. హుస్సెర్ల్ లైప్జిగ్, బెర్లిన్, వియన్నా నగరాల్లో చదివి, 1883లో గణితంలో డాక్టరేట్ పొందారు. లైప్జిగ్‌లో ఆయనకు తోమాస్ మసారిక్ అనే స్నేహితుడు దొరికాడు. తరువాతి కాలంలో చెకోస్లోవేకియా మొదటి అధ్యక్షుడైన వ్యక్తి ఈయనే. క్రొత్త నిబంధన చదవమని హుస్సెర్ల్‌ను ప్రోత్సహించింది మసారికే. ఆ చదువు ఆయనను కదిలించింది. 1886లో వియన్నాలో లూథరన్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి ఏడాది మల్వీనాతో వివాహం జరిగింది.

హాలె విశ్వవిద్యాలయంలో పద్నాలుగేళ్లు స్థిరమైన పదవి లేకుండా పాఠాలు చెప్పారు. 1891లో అంకగణితపు పునాదుల మీద పుస్తకం ప్రచురించారు. మూడేళ్లకు గొట్లోబ్ ఫ్రేగె అనే గణిత పండితుడు దాన్ని తీవ్రంగా విమర్శించాడు. హుస్సెర్ల్ తన పాత అభిప్రాయాన్ని పట్టుకుని వేలాడలేదు. మళ్లీ మొదటి నుండి ఆలోచించి, 1900, 1901లో 'తార్కిక పరిశోధనలు' అనే రెండు సంపుటాలు వెలువరించారు. తన పుస్తకంలోని పొరపాటును తానే దిద్దుకున్న పండితుడు ఆయన. ఆ గ్రంథంతోనే ఫినామినాలజీ అనే ఆలోచనా విధానానికి పునాది పడింది.

ఫినామినాలజీ అంటే ఏమిటి? ఒక వస్తువు గురించి ముందే ఏర్పరచుకున్న సిద్ధాంతాలను కాసేపు పక్కన పెట్టి, అది మన అనుభవానికి ఎలా కనబడుతుందో ఓపికగా చూడటం. ఉదాహరణకు ఎదురింటిని చూస్తున్నాం. కంటికి కనబడేది ముందు గోడ ఒక్కటే. అయినా మనం చూసేది గోడను కాదు, ఇంటిని. వెనుక గదులు ఉన్నాయని అడగకుండానే ఎరుగుదుం. కీర్తన వింటున్నప్పుడు ఇప్పటి స్వరం ఒక్కటే చెవికి అందుతుంది. కానీ దాటిపోయిన స్వరం ఇంకా మనసులో నిలిచి ఉండబట్టే అది పాట అవుతుంది. ఇలాంటి మామూలు సంగతులనే ఆయన ఏళ్ల తరబడి పరిశీలించారు. విద్యార్థులు పెద్ద పెద్ద మాటలు చెబితే పెద్ద నోట్లు వద్దు, చిల్లర ఇవ్వమనేవారట. చెప్పినదాన్ని చిన్న చిన్న అనుభవాలలో చూపించమని అర్థం. ప్రసంగవేదిక ఎక్కే మనందరికీ ఇది పనికొచ్చే మాట.

1901 నుండి గొట్టింగెన్‌లో, 1916 నుండి ఫ్రైబుర్గ్‌లో బోధించారు. ఆయన తరగతిలో సువార్త ప్రకటించలేదు. అయినా శిష్యులలో కొందరు క్రీస్తు వైపు తిరిగారు. అడోల్ఫ్ రైనాక్ 1916లో భార్యతో కలిసి బాప్తిస్మం పొంది, మరుసటి ఏడాది యుద్ధంలో మరణించాడు. అతని కాగితాలు సర్దడానికి వెళ్లిన ఎడిత్ స్టైన్, ఆ విధవరాలి నిబ్బరం చూసి కదిలిపోయింది. ఇతరుల బాధ మనకు ఎలా తెలుస్తుందనే విషయంపై హుస్సెర్ల్ దగ్గరే ఆమె పరిశోధన చేసింది, ఆయనకు సహాయకురాలిగానూ పనిచేసింది. తరువాత క్రైస్తవ సన్యాసినియై, 1942లో ఆష్విట్జ్‌లో ప్రాణం కోల్పోయింది.

హుస్సెర్ల్ ఇంట్లోనూ దుఃఖం ప్రవేశించింది. చిన్న కుమారుడు వోల్ఫ్‌గాంగ్ 1916లో వెర్డన్ యుద్ధంలో జర్మనీ కోసం మరణించాడు. పెద్ద కుమారుడు గెర్హార్ట్ తీవ్రంగా గాయపడ్డాడు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఏప్రిల్‌లో యూదు సంతతివారిని విశ్వవిద్యాలయాల నుండి తప్పిస్తూ ఆదేశాలు వెలువడ్డాయి. అప్పటికే పదవీ విరమణ చేసిన 74 ఏళ్ల హుస్సెర్ల్‌కు కూడా ఆ ఆదేశం అందింది. బాప్తిస్మం తీసుకుని 47 ఏళ్లయింది. కొడుకును దేశం కోసం పోగొట్టుకున్నాడు. ప్రభుత్వం అవేమీ చూడలేదు, పుట్టుక ఒక్కటే చూసింది. ఆయన స్థానంలో ప్రొఫెసర్ అయిన శిష్యుడు మార్టిన్ హైడెగర్ అదే వసంతంలో విశ్వవిద్యాలయాధిపతి అయ్యాడు, నాజీ పార్టీలో చేరాడు. గురువుకు అంకితమిచ్చిన తన ప్రసిద్ధ గ్రంథం నుండి 1941 ముద్రణలో ఆ అంకితం తొలగిపోయింది.

ఇలాంటి కాలంలోనే ఆ వృద్ధుడు 1935లో వియన్నా, ప్రాగ్ నగరాలకు వెళ్లి ఉపన్యసించారు. విజ్ఞానశాస్త్రం లోకాన్ని కొలవడం నేర్చింది, అది మంచిదే. కానీ కొలతకు ముందే మనం జీవిస్తున్న లోకం ఒకటుంది. తల్లి ముఖం, మంచినీటి రుచి, పొరుగువాని కన్నీరు ఆ లోకంలోనివి. దాన్ని మరచిపోతే ఎందుకు బ్రతుకుతున్నామో చెప్పలేని స్థితికి వస్తామని ఆయన హెచ్చరిక సారం.

1938 ఏప్రిల్ 27న ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలకు హైడెగర్ రాలేదు. ఇంట్లో సంక్షిప్తలిపిలో రాసిన సుమారు 40,000 పుటలు మిగిలాయి. అవి నాజీల చేతికి చిక్కితే బూడిదే. ఆ ఆగస్టులో బెల్జియం నుండి హెర్మన్ వాన్ బ్రేడా అనే 27 ఏళ్ల ఫ్రాన్సిస్కన్ సన్యాసి పరిశోధన కోసం వచ్చాడు. పరిస్థితి చూసి, ఆ కాగితాలను బెల్జియం రాయబార కార్యాలయం ద్వారా లూవెన్ నగరానికి చేర్పించాడు. వృద్ధురాలైన మల్వీనాను యుద్ధమంతా ఒక కాన్వెంటులో దాచి కాపాడారు. 1950 నుండి ఆ రచనలు సంపుటాలుగా వెలువడుతున్నాయి.

ప్రియులారా, ఈ కథలో మనల్ని నిలదీసేది ఒకటుంది. 1933 సెప్టెంబరులో ప్రష్యాలోని పెద్ద ప్రొటెస్టెంట్ సంఘం కూడా యూదు మూలాలున్న కాపరులను తొలగించే నిబంధన చేసుకుంది. మార్టిన్ నీమోలర్ వంటి కొందరు కాపరులు ఎదిరించారు. ఎక్కువమంది ఊరుకున్నారు. బాప్తిస్మపు నీళ్ల కంటే రక్తమే చిక్కనిదని సంఘమే ఒప్పుకున్నట్టయింది.

మనం వేరా? సంబంధం మాట్లాడేటప్పుడు, సంఘ పెద్దలను ఎన్నుకునేటప్పుడు, కొత్తగా వచ్చిన విశ్వాసి ఇంటిపేరు అడిగేటప్పుడు మన మనసులో నడిచే లెక్క ఏమిటి? కులం లెక్క కాదా? ముందే వేసుకున్న ఆ తీర్పును పక్కన పెట్టి, ఎదుటి మనిషిని ఉన్నవాడిని ఉన్నట్టు చూడటం ఒక తత్వవేత్త నేర్పిన పద్ధతి. లూకా పదో అధ్యాయంలోని సమరయుడు దాన్ని చాలా ముందే చేసి చూపాడు. యాజకుడూ లేవీయుడూ కూడా ఆ గాయపడినవాణ్ణి చూశారు, కానీ పక్కగా వెళ్లిపోయారు. సమరయుడు చూసి ఆగాడు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరూ పలకరించని ఒకరి దగ్గర మనం ఆగుదాం. ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.