సుగ్రా హుమాయున్ మీర్జా

సుగ్రా హుమాయున్ మీర్జా (1884 - 1958) హైదరాబాదుకు చెందిన ఉర్దూ రచయిత్రి, పత్రికా సంపాదకురాలు, సంఘ సంస్కర్త. ముస్లిం స్త్రీల విద్య కోసం, హక్కుల కోసం పత్రికలను సాధనంగా చేసుకొని కృషి చేసిన తొలితరం మహిళలలో ఈమె ఒకరు. "హయా" అనే కలం పేరుతో కవిత్వం కూడా వ్రాసారు.

బాల్యం, వివాహం

సుగ్రా 1884లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి సఫ్దర్ అలీ నిజాం సైన్యంలో వైద్యులు. తల్లి మరియం బేగం. ఆ కాలపు ఉన్నత కుటుంబాల ఆచారం ప్రకారం ఆమె ఇంటివద్దనే ఉర్దూ, పారశీక భాషలు నేర్చుకొన్నారు. 1901లో పాట్నాకు చెందిన బారిస్టరు సయ్యద్ హుమాయున్ మీర్జాతో వివాహం జరిగింది. ఆమె రచనలకు, సంఘసేవకు భర్త ప్రోత్సాహం లభించింది.

నాటి పత్రికలు

అప్పటికే ముస్లిం స్త్రీల సమస్యలు ఉర్దూ పత్రికలలో చర్చకు వచ్చాయి. 19వ శతాబ్దం చివర హైదరాబాదులో మౌల్వీ ముహిబ్ హుస్సేన్ "ముఅల్లిమ్-ఎ-నిస్వాన్" పత్రికను నడిపారు. పర్దాను విమర్శించినందుకు ఎదురైన తీవ్ర వ్యతిరేకత నడుమ అది 1901లో ఆగిపోయింది. లాహోరులో 1898లో "తహ్జీబ్-ఎ-నిస్వాన్", అలీగఢ్‌లో 1904లో "ఖాతూన్", ఢిల్లీలో 1908లో "ఇస్మత్" మొదలయ్యాయి. 1918లో లాహోరులో జరిగిన ముస్లిం మహిళల మహాసభ బహుభార్యాత్వాన్ని ఖండిస్తూ తీర్మానం చేయగా పత్రికలలో పెద్ద వివాదం చెలరేగింది.

సంపాదకత్వం

ఈ నేపథ్యంలో సుగ్రా 1920లలో హైదరాబాదు నుండి "అన్-నిసా" అనే మాసపత్రికకు సంపాదకత్వం వహించారు. తరువాత "జేబున్నిసా" పత్రికను కూడా నడిపారు. అంతకు మునుపటి పత్రికలలో చాలా వాటికి పురుషులే సంపాదకులు. స్త్రీ సంపాదకత్వంలో పత్రిక వెలువడడం వలన ఇల్లు దాటి బయటకు రాలేని స్త్రీలు కూడా తమ అభిప్రాయాలను తెలుపుకొనే అవకాశం కలిగింది. అయితే ఈ పత్రికలు ప్రధానంగా ఉర్దూ చదువుకొన్న కుటుంబాలకే చేరాయి. సంస్థానంలోని తెలుగు పల్లెలలో చదువు లేని పేద ముస్లిం స్త్రీలకు అవి అందుబాటులో లేవు.

సంఘసేవ, రచనలు

1908లో మూసీ నదికి వచ్చిన వరదల సమయంలో సుగ్రా బాధితులకు సహాయం చేసారు. స్త్రీల సంఘాలను నిర్వహించారు. హైదరాబాదులో బురఖా లేకుండా బహిరంగ సభలలో పాల్గొన్న తొలి ముస్లిం మహిళగా ఆమెను పేర్కొంటారు. "ముషీర్-ఎ-నిస్వాన్", "మోహిని" ఆమె రచనలలో కొన్ని. ఐరోపా, ఇరాక్ పర్యటనల గురించి యాత్రా గ్రంథాలు వ్రాసారు.

ముస్లిం బాలికల కోసం 1934లో తండ్రి పేరు మీదుగా సఫ్దరియా పాఠశాలను స్థాపించి, అందుకు తన ఆస్తిని వెచ్చించారు. ఆ పాఠశాల ఉన్న హుమాయున్ నగర్‌కు ఆమె భర్త పేరు మీదుగా ఆ పేరు వచ్చింది.

మరణం

సుగ్రా 1958లో మరణించారు. పత్రికలో ఏ చదువు కోసం వాదించారో, ఆ చదువును బాలికలకు అందించే పాఠశాల ఆమె జ్ఞాపకంగా నిలిచింది.