రాబర్ట్ బ్రూస్ ఫుట్

నెల్లూరు తీరం పైకి ఇసుక మైదానంగానే కనిపిస్తుంది. కాని దాని అడుగున సముద్రం వైపు వాలుతూ సాగే పురాతన శిలల పొరలు దాగి ఉన్నాయి. తూర్పు తీరంలో అటువంటి పొరలను పరిశీలించి పటాలకెక్కించిన తొలితరం భూవిజ్ఞానులలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రముఖుడు.

ఫుట్ 1834లో ఇంగ్లాండులోని చెల్టన్‌హామ్‌లో జన్మించారు. 1858లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరి, దక్షిణ భారతదేశంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. 1863లో మద్రాసు సమీపాన పల్లవరంలో ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి ప్రఖ్యాతి పొందారు.

తీరప్రాంతపు పటరచన కఠినమైన కార్యం. ఒండ్రుమట్టి, ఇసుక కప్పిన నేలపై శిలలు అక్కడక్కడ మాత్రమే బయటపడతాయి. వాటి వాలును, శిలాజాలను పరిశీలించి, కనిపించని భాగాన్ని తర్కంతో గ్రహించాలి. నాడు నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతంలో వృక్ష శిలాజాలు గల వేమవరం షేలు పొరలను ఫుట్ ఆ విధంగానే వివరించారు. 15 డిగ్రీల అక్షాంశం నుండి మచిలీపట్నం వరకు గల తీరశిలలపై ఆయన గ్రంథం 1879లో వెలువడింది.

ఆయన చమురు కోసం అన్వేషించలేదు. సేంద్రియ పదార్థం గల షేలులో చమురు, సహజవాయువు పుడతాయని, ఇసుకరాయి రంధ్రాలలో అవి నిలుస్తాయని తరువాతి విజ్ఞానం తెలిపింది. అందువల్ల కృష్ణా–గోదావరి, పాలారు–పెన్నా బేసిన్లలో లోతున ఏమున్నదో అంచనా వేయడానికి నేలపైని ఆ కొద్దిపాటి శిలలు కూడా ఆధారాలయ్యాయి.

1891లో పదవీ విరమణ చేసిన ఫుట్ 1912లో కలకత్తాలో మరణించారు. నిజాయితీతో చేసిన పరిశీలన, చేసినవారు ఊహించని ప్రయోజనాలకు సైతం పునాది కాగలదని ఆయన జీవితం నిరూపించింది.