రోగ నిర్ధారణలో మార్గదర్శి అర్‌రాజీ

ముస్లిం వైద్యుల చరిత్రలో అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్‌రాజీది ఉన్నత స్థానం. ఆయన హిజ్రీ 251 (క్రీ.శ. 865)లో నేటి టెహరాన్ సమీపంలోని రయ్ పట్టణంలో జన్మించారు. రయ్‌లోనూ, బగ్దాద్‌లోనూ ఆసుపత్రులకు పెద్ద వైద్యునిగా పనిచేశారు. వచ్చిన రోగిని ముందు శిష్యులు చూసేవారు. వారికి అంతుబట్టకపోతే ఆయనే స్వయంగా పరీక్షించేవారు. ఆయన తాత్విక భావాలు కొన్నింటిని ధర్మపండితులు ఖండించారు. అయినా వైద్యంలో ఆయన సేవను అందరూ అంగీకరించారు.

మశూచికీ, తట్టుకూ తేడా ఏమిటో వివరిస్తూ ఆయన ప్రత్యేక గ్రంథం రాశారు. నడుము నొప్పి మశూచిలో ఎక్కువనీ, వికారం, ఆందోళన తట్టులో ఎక్కువనీ గుర్తించారు. పిల్లల వ్యాధులపై కూడా ఒక గ్రంథం రచించారు. వసంతకాలంలో గులాబీల వాసన తగిలితే అబూ జైద్ బల్ఖీకి జలుబు ఎందుకు చేస్తుందో మరో వ్యాసంలో చర్చించారు. అలాంటి దాన్నే నేడు అలర్జీ అంటున్నాం. చివరి దశలో చూపు కోల్పోయి, హిజ్రీ 313 (క్రీ.శ. 925)లో మరణించారు. ఆయన రాసుకున్న వివరాలను మరణానంతరం 'అల్ హావీ' పేరుతో కూర్చారు. హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ దాన్ని 1955 నుంచి 23 భాగాలుగా అచ్చువేసింది.

లక్షణాలను ఓపికగా గమనించి వ్యాధిని గుర్తించడమే ఆయన జీవితం నేర్పే పాఠం. పసిపిల్లల ఉబ్బసం విషయంలో అది నేటికీ అవసరం. ఐదేళ్ళలోపు పిల్లలు గొట్టంలోకి ఊదే శ్వాస పరీక్షను సరిగా చేయలేరు. జలుబుతో వచ్చే ప్రతి పిల్లికూతా ఉబ్బసం కాదు. కాబట్టి తల్లి చెప్పే వివరాలే డాక్టరుకు ముఖ్య ఆధారం. పిల్లికూతలు ఎన్నిసార్లు వచ్చాయి? రాత్రిళ్ళు దగ్గుతోందా? నవ్వినా, పరుగెత్తినా ఆయాసం వస్తోందా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, అలర్జీ ఉన్నాయా? మందు పీల్చాక ఉపశమనం కలిగిందా? ఇవన్నీ రాసి పెట్టుకుని చెప్పాలి.

మా రాజంపేటలో ఆయాసపడే బిడ్డను దమ్ చేయించడానికి మా వద్దకు తెస్తారు. మేము దుఆ చేస్తాము, డాక్టరు దగ్గరకూ వెళ్ళమంటాము. ఇన్‌హేలరు అలవాటైపోతుందని కొందరు మానేస్తారు. ఆడపిల్లకు రేపు సంబంధాలు రావని మరికొందరు జబ్బునే దాచిపెడతారు. ఈ భయాలు బిడ్డ ప్రాణానికే ముప్పు. డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలిబారినా, పాలు తాగలేకపోయినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి.

సంతానం మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానతు. స్వస్థత ప్రసాదించేవాడు ఆయనే, వైద్యం ఆయన కల్పించిన సాధనం. మన పిల్లలందరికీ అల్లాహ్ ఆరోగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.